మత్తడి గారి స్థలం

దిల్‌సుఖ్‌నగర్ నుంచి బయలుదేరి, ఎల్బీ నగర్ దాటి అవతల ఉన్న ఒక కాలనీ దాకా వెళ్ళి, క్షేమంగా తిరిగి వచ్చాను. మెట్రోలో కూర్చుంటే కునుకు పట్టేలోపే ఎల్బీ నగర్ వచ్చేస్తుంది. అక్కడి నుంచి ఆటోలో పావుగంట. నాకు మూడు రోజులు పట్టింది. రాత్రి బస మాత్రం మా ఇంట్లోనే. "కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అనేవారు. ఇప్పుడు ఎల్బీ నగర్‌కి పోయినవాడిని కూడా కలుపుకోవాలి కాబోలు" అంది మా ఆవిడ కామేశ్వరి. వెళ్ళనివారి కోసం ఇది రాస్తున్నాను. రోజూ ఆ దారినే ఆఫీసుకు పోయేవారు అప్పుడే నవ్వవద్దని మనవి. నవ్వవలసిన చోటు ముందుంది.

నేను ఒక ఇంజనీరింగు కాలేజీలో జలవనరుల శాస్త్రం చెప్పి రిటైరయిన ప్రొఫెసర్ని. పోయిన నెల ఒక ఫోను వచ్చింది. వరుణ్ హిల్స్ కాలనీ సంక్షేమ సంఘం ప్రెసిడెంటు దయానంద్ గారు మాట్లాడుతున్నారు. "సార్, ముప్పై ఏండ్ల కింద మీరు సర్వే రిపోర్టు ఇచ్చినంకనే మా కాలనీ లేఅవుట్ పడ్డది. ఆదివారం కమ్యూనిటీ హాల్ ఓపెనింగ్. మీకు సన్మానం చేద్దామనుకుంటున్నం" అన్నారు. రిటైరైన వాడికి సన్మానం అంటే ఎండాకాలంలో మేఘం లాంటిది. వెంటనే ఒప్పుకున్నాను. ఊరికే ఆటో దిగి మైకు పట్టుకోవడం ఏం బాగుంటుంది, "ఈ దారంతా నా కాళ్ళతో నడిచి వచ్చాను" అని ఉపన్యాసం మొదలుపెడితే చప్పట్లు పడతాయి అనుకున్నాను. అలా మొదలైంది యాత్ర.

శుక్రవారం ఉదయం: మా గల్లీ

మా గల్లీలో నన్ను "నీళ్ళ సారు" అంటారు. అది గౌరవమని చాలా ఏళ్ళు అనుకున్నాను. జలవనరులంటే ట్యాంకర్ల వ్యాపారమని వాళ్ళ నమ్మకం. ఏటా ఏప్రిల్ వచ్చేసరికి ఎవరో ఒకరు తలుపు కొట్టి, "సారూ, జర మాకు గూడ ఒక ట్యాంకర్ పంపియ్యరాదు" అంటారు. పంపలేనని చెబితే, ఇంత చదువు చదివి ట్యాంకరు కూడా తెప్పించలేడా అన్నట్టు చూస్తారు. వాళ్ళ చూపులో న్యాయం లేకపోలేదు.

ముందు బయోడేటా జిరాక్సు తీయించాలి. సన్మానం చేసేవాళ్ళు చదవడానికి అడిగారు. కోచింగ్ సెంటర్ల మధ్య ఇరుక్కున్న జిరాక్సు షాపతను కాగితాలు లెక్కపెట్టి, "పన్నెండు పేజీలా సార్! పెండ్లి బయోడేటాకు ఒక్క పేజీ సాలు గదా" అన్నాడు. పెళ్ళికి కాదని చెప్పాను. "మరెందుకు?" అన్నాడు. డబ్బులిచ్చి కాగితాలు తీసుకున్నాను.

ఆ పన్నెండు పేజీలలో మూడు భాగాలు. మొదటిది బోధన. ముప్పై నాలుగేళ్ళ పాటు వాన ఎంత కురిస్తే వరద ఎంత వస్తుందో పిల్లలకు లెక్క నేర్పాను. వాళ్ళలో తొంభై పాళ్ళు సాఫ్ట్‌వేర్‌లోకి పోయారు. అందువల్ల నా బోధన వల్ల ఏ ఊరూ మునగలేదని ధైర్యంగా చెప్పగలను. రెండోది పరిశోధన. అదంతా ఒక పరదేశపు నది మీద. దాని లెక్కలు ఇంట్లో కూర్చుంటే ఉచితంగా దొరికేవి. ఆ నదిని నేను చూడలేదు. చూసిన చెరువులకేమో లెక్కలు దొరకలేదు, తీసే ఓపిక నాకు లేకపోయింది. మూడోది సమాజసేవ. ప్రమోషను ఫారంలో ఆ గడి ఖాళీగా ఉంటే మార్కులు పోతాయి కాబట్టి మేమందరం ఏదో ఒక సేవ చేసేవాళ్ళం. నా గడిలో మొదటి వరస: వరుణ్ హిల్స్ సర్వే.

హాస్టళ్ళ ఎదుట బండి మీద రెండు ఇడ్లీ, ఒక వడ తిన్నాను. నలభై రూపాయలు. చట్నీ రెండోసారి అడిగితే బండి ఆవిడ, "పోపు ఏస్తున్న సారు, జర ఆగు" అంది. మా తెనాలి వైపు అయితే "ఆగండి" అనేవారు. కొత్తలో ఈ ఏకవచనానికి మొహం మాడ్చుకునేవాణ్ణి. ఇక్కడ మర్యాదంతా ఆ "సారు"లో ఉంటుంది, క్రియాపదంలో వెతుక్కోకూడదు. ఇది తెలుసుకోవడానికి నాకు పదేళ్ళు పట్టింది. ఇప్పుడు మాత్రం ఆనిగెపుకాయ అంటే సొరకాయని, అగ్గువ అంటే చవకని నాకు బాగా తెలుసు. తెలంగాణ మాటల్లో నన్నెవరూ బోల్తా కొట్టించలేరని నా మిత్రుల దగ్గర పందేలు కూడా కాశాను.

శుక్రవారం మధ్యాహ్నం: కొత్తపేట

చైతన్యపురి దాటగానే చెప్పు తెగింది. మెట్రో పిల్లరు నీడలో కూర్చున్న చెప్పులు కుట్టే పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "గిది నడిసి తెగలేదు సారూ. బీరువల పెట్టి పెట్టి తోలు ఎండి పగిలింది" అన్నాడు. నిజమే. ఫీల్డు పని కోసం కొన్న చెప్పులవి. కొని పన్నెండేళ్ళయింది. ఇరవై రూపాయలు తీసుకుని కుట్టాడు, "రోజు ఏస్కో, మంచిగుంటయి" అని సలహా ఉచితంగా ఇచ్చాడు.

దయానంద్ గారి చేనేత దుకాణం కొత్తపేటలోనే. వాళ్ళది పోచంపల్లి వైపు మగ్గాల ఊరు. తండ్రి నేసేవాడు, ఈయన అమ్ముతాడు. నన్ను చూడగానే లేచి వచ్చి చేతులు పట్టుకున్నాడు. చాయ్ తెప్పించాడు, ఉస్మానియా బిస్కట్లు తెప్పించాడు. నాకు కప్పబోయే శాలువా ముందుగానే చూపించాడు. ఎర్రంచు, మంచి పనితనం. భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకున్నానని ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

తర్వాత సొరుగులోంచి ఒక టైపు చేసిన కాగితం తీశాడు. "చిన్న పని సార్. మా ఆరో లైనోళ్ళు లొల్లి చేస్తున్నరు. హాల్ కట్టినంకనే వాన నీళ్ళు ఇండ్లల్లకొస్తున్నయి, హాల్ ఎనుక గోడ కూలగొట్టి దారి ఇయ్యమని మున్సిపాలిటీల అర్జీ పెట్టిన్రు. హాల్ కింద రెండడుగుల పైపు ఏసినం గదా. గా పైపు సరిపోతదని మీరు ఒక్క సంతకం పెడితే అందరు సప్పుడు చెయ్యకుండ ఊకుంటరు."

"రేపు ఒకసారి చూస్తానండీ" అన్నాను.

"సూసుడెందుకు సార్? సర్వే చేసింది మీరే గదా!" అని హాయిగా నవ్వాడు.

ఆయన చెడ్డవాడు కాడు. రెండు వందల కుటుంబాలు పోగేసిన డబ్బుతో కట్టిన హాలు అది. ఆడపిల్లల పెళ్ళిళ్ళకు వేల రూపాయల ఫంక్షన్ హాలు కిరాయిలు తప్పుతాయని ఆశపడ్డారు. ఒక గోడ పగిలితే ఆ నిందంతా ఆయన మెడకు చుట్టుకుంటుంది. కాగితం జేబులో పెట్టుకుని, ఆదివారం ఇస్తానన్నాను.

శనివారం ఉదయం: ఎల్బీ నగర్

ఎల్బీ నగర్ చౌరస్తాను దాటడం ఈ యాత్రలో సాహస ఘట్టం. నల్గొండ వైపు బస్సులు, వనస్థలిపురం ఆటోలు, పైన మెట్రో, దాని కింద ఫ్లైఓవర్లు, అన్నిటికీ కింద నేను. నడిచేవాడు ఇక్కడ ఉండకూడదనే ఉద్దేశంతో కట్టిన కూడలి అది. అవతలి పక్కకు చేరడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఒక పల్లెటూరి ఆవిడ నెత్తిన మూటతో నాకన్నా ముందే దాటి, వెనక్కి తిరిగి, "రా పెద్దయ్యా, ఏం గాదు" అని చెయ్యి ఊపింది.

మబ్బు పట్టి ఉంది. మక్కకంకి కాల్పించుకున్నాను. ముప్పై రూపాయలు. మేము మొక్కజొన్న పొత్తు అంటాం, పేరు మారినా పళ్ళలో ఇరుక్కోవడం మాత్రం ఒకటే. చినుకులు మొదలయ్యాయి. చౌరస్తాలో అరచేతి మందాన నీళ్ళు నిలిచాయి. పక్కనున్న ఆటో డ్రైవరు నా చేతిలో ఉన్న బయోడేటా ఫైలు చూసి ఏం పని చేస్తారని అడిగాడు. నీళ్ళ ఇంజనీరునన్నాను. చౌరస్తా వైపు చూశాడు, నా వైపు చూశాడు, మీటరు గురించి మాట్లాడకుండా రెండింతలు కిరాయి చెప్పాడు. బేరమాడే నైతిక హక్కు నాకు లేదనిపించి, నడక సంగతి మరిచి ఎక్కి కూర్చున్నాను.

శనివారం మధ్యాహ్నం: వరుణ్ హిల్స్, ఆరో లైను

వరుణ్ హిల్స్‌లో హిల్స్ లేవు. వరుణుడు మాత్రం ఉన్నాడు. కాలనీ పెద్ద రోడ్డు చుట్టుపక్కల కన్నా ఎత్తుగా, వంపు తిరిగి ఉంటుంది. ఒకప్పటి జిల్లేడుకుంట చెరువు కట్ట అది. రోడ్డు చివర, తెల్లగా సున్నం వేసి మామిడాకులు కట్టిన కొత్త హాలు. హాలు వెనక గోడ అవతల, మెట్లు దిగినట్టు పల్లంలోకి ఆరో లైను. ఇరవై ఇళ్ళు. ప్రతి ఇంటి గోడ మీదా మోకాలెత్తున ఒక మట్టి గీత.

వాన వెలిసిన ఎండలో, మొదటి ఇంటి ముందు ఒక పెద్దావిడ చాటలో తడి బియ్యం ఆరబోస్తోంది. పేరు యాదమ్మ. నా వయసే ఉంటుంది. "నీళ్ళొచ్చి బస్తా తడిసింది సారూ. మొన్నటి వానకు. మునుపు గూడ ఒస్తుండె, గని గిట్ల ఉరికి గట్ల పోతుండె. ఇప్పుడు గా హాల్ అడ్డమున్నది గదా, పక్క సందుల కెల్లి తిరిగి ఇంట్లకొచ్చి కూసుంటున్నయి. రెండు దినాలు పోవు" అంది. కోడలికి ఏడో నెలట. మంచం మీద మంచం వేసి పడుకోబెట్టారట.

"పైపు వేశారు కదమ్మా?" అన్నాను.

"పైపా! మత్తడికి పైపు సరిపోతదా సారూ?"

"మత్తడి అంటే?"

ఆమె నన్ను జాలిగా చూసింది. "చెరువు నిండినంక ఎక్కువ నీళ్ళు దుంకి పోయేటి జాగ. రాళ్ళ కట్టు. గా హాల్ ఉన్నదే, అదే మత్తడి. మా మామ గీ చెరువుకు నీరటి. తూము తీసుడు, పొలాలకు నీళ్ళు ఇడుసుడు ఆయన పనే. ఆయన తర్వాత మా ఆయన. మత్తడి దుంకితె ఊరంత పండుగ."

మా వైపు దాన్ని అలుగు అంటాం. అలుగు గురించి నేను పాఠం చెప్పాను, పరీక్షలో ప్రశ్న ఇచ్చాను, తప్పు రాసిన పిల్లలకు సున్నాలు వేశాను. మత్తడి అన్న మాట నాకు తెలియదు. అలా అనుకుంటుండగానే ఎక్కడో విన్నట్టనిపించింది. యాదమ్మ నవ్వుతూ చాట పక్కన పెట్టింది.

"నీకో ముచ్చట జెప్త విను సారూ. ఈ కాలనీ పడకముందు ఒక పెద్ద ఇంజనీరు జీపులొచ్చిండట. ఎండకాలం. చెరువు ఎండి ఉన్నది, మత్తడి రాళ్ళు సగం ఎత్కపోయిన్రు, సగం మట్ల కూరుకుపోయినయి. జీపులకెల్లి దిగకుండనే మా ఆయనను పిలిసి, 'ఈ స్థలం ఎవరిదండీ' అన్నడట. మా ఆయన, 'ఎవలదేంది సారూ, మత్తడిది' అన్నడు. గా ఇంజనీరు పుస్తకంల రాసుకొని, 'మత్తడి గారు ఎక్కడుంటారు' అని అడిగిండట!"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. లోపలి నుంచి కోడలు కూడా నవ్వింది. ఆ ఇంట్లో ఆ ముచ్చట చాలాసార్లు చెప్పుకున్నదేనని తెలుస్తోంది. "మా ఆయన గిదే జెప్పుకుంట నవ్వెటోడు, సచ్చెదాక. గంత సదివినోనికి గింత తెల్వదా సారూ?"

"తెలియదమ్మా, బుద్ధి లేనివాడు" అన్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి దానంతటదే ఫైలును వీపు వెనకకు జరిపింది. ఆ పన్నెండు పేజీల వెనక జత చేసిన పాత రిపోర్టులో ఇంగ్లీషులో స్పష్టంగా ఉంది: సదరు ఖాళీ స్థలం శ్రీ మత్తడి అను ప్రైవేటు వ్యక్తికి చెందినది, ఎత్తైన మెట్ట, నిర్మాణానికి అనుకూలం. నేల ఎత్తుపల్లాల లెవెల్స్ మా కాలేజీ పిల్లల చేత నాలుగు చోట్ల తీయించాను. ఆ నాలుగూ నీడ ఉన్న చోట్లే.

"మరి తెలిసి మీ ఆయన ఇక్కడెందుకు కొన్నాడు?" అని అడిగాను, తప్పులో వాటా దొరుకుతుందేమోనని.

"అగ్గువకు దొరికింది. మత్తడి కాల్వల అని ఎరికై ఆయన తక్కువ ఇచ్చి కొన్నడు. ఎరికలేనోళ్ళు ఎక్కువ ఇచ్చి కొన్నరు" అంది. ఆమె ఇచ్చిన చాయ్ తాగాను. నేనెవరో చెప్పలేదు. చెప్పకుండా ఆ చాయ్ తాగినందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఇంటికి వచ్చి కామేశ్వరికి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. "ముప్పై ఏళ్ళుగా ఆ మత్తడి గారు మీ బయోడేటాలో సమాజసేవ కింద ఉన్నాడా?" అంది. తర్వాత, "చెప్పదలుచుకుంటే శాలువా కప్పకముందే చెప్పండి. కప్పాక చెబితే దొంగతనంలా ఉంటుంది" అంది.

ఆదివారం: కమ్యూనిటీ హాలు

మన సభల్లో శాలువా ముందు, ఉపన్యాసం తర్వాత. ఆ ఆచారం నా కోసమే పెట్టినట్టుంది. నోరు తెరిచేలోపు ఎర్రంచు శాలువా భుజాల మీదికి వచ్చింది, జ్ఞాపిక చేతిలోకి వచ్చింది, బయోడేటాలో మూడు పేజీలు మైకులో చదివేశారు. వెనక వరసలో ఆరో లైను వాళ్ళు, మధ్యలో యాదమ్మ. నా పేరు ముందు "మన కాలనీ సర్వే చేసిన" అన్న మాట వినగానే ఆమె నవ్వు ఆగిపోయింది.

కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది నా పరిస్థితి. నడిచి వచ్చాను అన్న మొదటి వాక్యం మరిచిపోయాను. "నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నారు పెద్దలు. ప్రొఫెసరు ఏమెరుగునో వాళ్ళు చెప్పలేదు. ఇవాళ నేను చెబుతాను" అన్నాను. చప్పట్లు కొట్టారు. తర్వాత చెప్పినదానికి కొట్టలేదు. శ్రీ మత్తడి గారి కథ మొత్తం చెప్పాను. ఈ హాలు అలుగు మీద ఉందని, రెండడుగుల పైపు ఆ నీటికి చాలదని, వెనక గోడలో దారి తెరవక తప్పదని, తప్పు నాదని చెప్పాను. కొందరు నవ్వారు, నేను జోకు వేశాననుకుని. పెద్ద వాన వస్తే నీళ్ళు కట్ట మీది ఇళ్ళను కూడా వదలవని అన్నాక ఆ నవ్వులు ఆగాయి.

దయానంద్ గారు లేచారు. మొహం ఎర్రబడింది. "గీ ముచ్చట ముప్పై ఏండ్ల కింద జెప్తే మేము ఈడ కొనకపోదుము గదా సార్! మా అయ్య మగ్గం అమ్మి కొన్నడు గా ప్లాటు. ఇప్పుడొచ్చి తప్పయిందంటే ఎట్ల? ఎవలు కొంటరు మా ఇండ్లు?" అన్నాడు. "మీరన్నది న్యాయమే" అన్నాను. శాలువా తీసి ఇవ్వబోతే, "ఉంచుకోండ్రి. ఏసినంక వాపస్ తీసుకునే అలవాటు మాకు లేదు" అన్నాడు. ఇంతవరకు నాకు దక్కిన సన్మానాలన్నిట్లో ఒంటికి పట్టింది అదొక్కటే.

సభ దానంతటదే చెదిరిపోయింది. పులిహోర పొట్లాలు మాత్రం అందరూ తీసుకున్నారు. నేను ఆయన ఇచ్చిన కాగితం వెనక్కి తిప్పి, కుర్చీలో కూర్చుని, జరిగినదంతా వరసగా రాసి సంతకం పెట్టాను. యాదమ్మ వచ్చి నా ముందు నిలబడింది.

"గా జీపు సారువు నువ్వేనా?"

"నేనేనమ్మా."

తిడుతుందని చూశాను. "నిన్న నా చాయ్ తాగినవు" అంది. అంతే. ఆ మాటకు తల ఎత్తలేకపోయాను.

"ఒక మాట చెప్పాలమ్మా" అన్నాను. "ఈ కాగితం మున్సిపాలిటీ ఆఫీసులో ఇస్తే గోడ ఒక్కటే కాదు, మీ ఇళ్ళు కాలువలో ఉన్నాయన్న సంగతి కూడా బయటపడుతుంది. రేపు కూలగొట్టడం మీ ఇంటి దాకా కూడా రావచ్చు."

ఆమె వెనక్కి తిరిగి ఆరో లైను వాళ్ళను చూసింది. "నాకు భయం లేదనుకున్నవా సారూ? మస్తున్నది. గని ఆఫీసరోళ్ళకు దాస్తం, నీళ్ళకు ఎట్ల దాస్తం? కోడలు కాన్పు అయ్యేలోపు నాకు గోడకు దారి గావాలె. తర్వాతది తర్వాత సూద్దాం. ఏం రాసినవో సదువు."

చదివాను. రెండు వాక్యాలు కాకముందే చెయ్యి అడ్డం పెట్టింది. "ఇంగ్లీషులనా?"

అలవాటు కొద్దీ ఇంగ్లీషులోనే రాశాను. ముప్పై నాలుగేళ్ళలో నేను తెలుగులో రిపోర్టు రాయనే లేదు.

"తెలుగుల రాయి. మత్తడిని మత్తడి అని రాయి. లేకపోతె ఆఫీసుల ఇంకో సదువుకున్నోడు మల్ల ఎవని పేరో అనుకుంటడు."

ఆరో లైను కుర్రాడెవరో తెల్లకాగితాలు తెచ్చాడు. యాదమ్మ పక్క కుర్చీలో కూర్చుంది. నేను రాయడం, ఆమె వినడం, కాదనడం. "రాళ్ళ కట్టు పొడుగు రాయి, మా మామ ముప్పై అడుగులనేటోడు" అంది, రాశాను. కాలువ ఏ ఇంటి కింద నుంచి పోతుందో చెప్పింది, తన ఇంటితో సహా రాశాను. పైపు చాలదని రాశాను. ఆమె చెప్పినవి ఆమె చెప్పిందని రాశాను. చివర సంతకం పెట్టి, పేరు రాసి, దాని కింద అలవాటుగా నా డిగ్రీలు, హోదా రాశాను.

"గవేంది?" అంది.

"నా చదువులమ్మా."

"అవి తర్వాత. ముందుగాల ఆ రోజు జీపు దిగలేదని రాయి."

డిగ్రీలు కొట్టేసి, అది రాశాను.